చెరువు నీళ్లు మధ్యాహ్నం కూడా పట్టాలె

"రిపోర్టు బాగనే వచ్చింది గదా, ఇంకా ఏం గొడవ?" అంటరు ఆఫీసర్లు. అన్నలారా, గొడవ ఆ రిపోర్టులోనే ఉంది.

ఏ రసాయనం చేపను ఎంత చంపుతుందో ముందే లెక్కగట్టే పద్ధతులున్నయి. నూనెలో ఎంత కలుస్తది, నీళ్లల్ల ఎంత కలుస్తది అన్నదే పాత లెక్క. కానీ చాలా మందులు నీళ్లల్ల పడంగనే అయాన్లయితయి, అంటే విద్యుదావేశం ఎక్కుతది. ఆవేశం ఉన్న రూపం చేప మొప్పల్లోంచి కష్టంగా దూరుతది, లేనిది సులువుగా దూరుతది. ఏ రూపం ఎంతన్నది నీటి పీహెచ్‌ను బట్టి ఉంటది. మనసు దిగులుకు ఇచ్చే ఫ్లూఆక్సెటిన్ పీహెచ్ 7లో కన్నా 9లో చేపలకు ఎక్కువ విషం. పెంటాక్లోరోఫినాల్ దీనికి తిరకాసు, పీహెచ్ తగ్గితేనే దాని విషం పెరుగుతది.

నాచు పట్టిన చెరువులో ఎండపొద్దుకు పీహెచ్ 9 దాకా ఎక్కొచ్చు. పొద్దుగాలనే సీసా నింపుకొని జీపెక్కేటోళ్లకు అది యాడ కనబడతది?

పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల నీళ్లు శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చిన నీళ్లల్ల లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో లార్సన్ బృందం అచ్చేసింది. అదీ అయానయ్యే మందే. శుద్ధి చేసినంక సంగతి ఇది!

చెరువు చేప తినేది, ఆ నీళ్లల్ల బర్రెను కడిగేది మన వాడలోళ్లే. సీసా మీద టైమూ పీహెచూ రాయకుంటే పంచనామా మీద సంతకం పెట్టకండి.