ముగ్గురాయి కడుపులో కరగదు, కానీ...

మంగంపేట అనగానే ముగ్గురాయి గుర్తొస్తుంది. ప్రపంచంలోని అతి పెద్ద బెరైటీస్ నిక్షేపాల్లో ఒకటి ఓబులవారిపల్లె మండలంలోని ఈ ఊళ్లోనే ఉంది. రాష్ట్ర ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థ ఏపీఎండీసీ తవ్వించే ఆ రాయి మిల్లుల్లో పొడై ఎక్కడెక్కడి చమురు బావులకో వెళ్తుంది. బేరియం భారలోహం గదా, ఆ దుమ్ము కూరాకు మీద పడితే మన గతేమిటని ఎవరైనా భయపడితే తప్పులేదు. అయితే ఆ భయం చూడాల్సిన చోటు వేరే ఉంది. తిండిలో ఏ లోహం ఎంత ఉందన్నది సగం లెక్కే. అందులో పేగు గోడ దాటి నెత్తురులో చేరేదెంత అన్నది మిగతా సగం. మన చర్చలు మొదటి సగం దగ్గరే ఆగిపోతున్నాయి.

ముగ్గురాయి అంటే బేరియం సల్ఫేట్. నీళ్లలోనే కాదు, కడుపులోని ఆమ్లంలో కూడా అది కరగదనే చెప్పాలి. అందుకే ఎక్స్‌రే తీసే ముందు ఆ పదార్థాన్నే శుద్ధిచేసి, తెల్లగా, చిక్కగా కలిపి రోగి చేత తాగిస్తారు. పేగుల ఆకారం ఫిల్ము మీద చూపించి, వచ్చిన దారిన అది వెళ్లిపోతుంది. అదే లోహం కార్బొనేట్ రూపంలో ఉంటే ఎలుకల మందు. కడుపులోని ఆమ్లం దాన్ని ఇట్టే కరిగిస్తుంది. నెత్తురులో పొటాషియం పడిపోతుంది, కాళ్లూ చేతులూ చచ్చుబడతాయి, గుండె లయ తప్పుతుంది. 2003లో బ్రెజిల్‌లో ఎక్స్‌రే కోసం తాగించిన మందులో ఈ కార్బొనేట్ కలిసిపోయి రోగులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. కాబట్టి 'బేరియం ఉంది' అన్న ఒక్క ముక్కతో ఏదీ తేలదు.

రూపం ఒక్కటే కాదు, తినే మనిషి ఒంట్లో ఏ కొరత ఉందన్నదీ తేడా తెస్తుంది. ఖనిజాల వెంట వచ్చే సీసానికీ కాడ్మియానికీ పేగులో సొంత తలుపులు లేవు. ఇనుము, కాల్షియం లాంటి అవసరమైన ఖనిజాల కోసం ఒళ్లు తెరిచి ఉంచిన తలుపుల్లోంచే దూరతాయి. ఒంట్లో ఇనుము తగ్గితే, దాన్ని లోపలికి మోసే ప్రోటీన్‌ను పేగు మరింతగా తయారుచేసుకుంటుంది. ఆ ప్రోటీన్‌కు కాడ్మియాన్ని వేరుగా గుర్తుపట్టే తెలివి లేదు. మింగిన సీసంలో పెద్దవాళ్ల ఒంటికి పట్టేది పదో వంతు అయితే, పసిపిల్లల్లో అది దాదాపు సగం. పెద్దవాళ్లకైనా ఖాళీ కడుపుతో ఉంటే సగం దాటుతుంది. ఒకసారి చేరాక సీసం ఎముకల్లో, కాడ్మియం మూత్రపిండాల్లో దశాబ్దాల పాటు తిష్ఠ వేస్తాయి. ఇప్పుడు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) చూడండి: ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్లలోపు పిల్లల్లో 63 శాతం మందికి, 15-49 ఏళ్ల స్త్రీలలో 59 శాతం మందికి రక్తహీనత. అందరిదీ ఇనుము కొరతే కాకపోవచ్చు. అయినా ఒకే కంచంలో తిన్న ఇద్దరికి ఒకే మోతాదు పట్టదని చెప్పడానికి ఈ అంకెలు చాలు.

ఇదంతా గనులవాళ్లను వదిలేసి, నెపం పేదవాళ్ల తిండి మీదికి నెట్టడమేనని ఎవరైనా అనవచ్చు. అనాల్సిన మాటే. కానీ వాదన సాగేది అటు కాదు. రక్తహీనత ఉన్నచోట అదే కాలుష్యం ఎక్కువ హాని చేస్తుంది గనుక హద్దు ఇంకా కఠినంగా ఉండాలి. ముగ్గురాయి కరగనంత మాత్రాన దాని దుమ్ము పీల్చవచ్చనీ కాదు, ఊపిరితిత్తుల లెక్క వేరు. పైగా ఏ ఖనిజమూ ఒంటరిగా రాదు. సముద్రంలోని చమురు బావుల్లో వాడే బెరైటీస్‌లో కిలోకు పాదరసం 1 మిల్లీగ్రాము, కాడ్మియం 3 మిల్లీగ్రాములు మించకూడదని అమెరికాలో నిబంధన ఉంది. సముద్రంలోని చేపల కోసం ఆ లెక్క అడుగుతున్నప్పుడు, మిల్లు పక్కనున్న ఆకుకూర మడికి అడిగితే అత్యాశా? మరి ఇనుము మాత్రలు పంచితే సరిపోదా అంటే, అవి కొత్తగా దూరేదాన్ని కొంత తగ్గిస్తాయేమో గానీ ఎముకల్లో పాతుకున్న సీసాన్ని తీయలేవు.

తాగే నీళ్లలో బేరియం లీటరుకు 0.7 మిల్లీగ్రాములు దాటకూడదని మన భారతీయ ప్రమాణం. ఓబులవారిపల్లె మండలంలో నీటి పరీక్ష చేసినప్పుడు కరిగిన బేరియాన్నీ, తేలియాడే రాతి పొడినీ వేరువేరుగా చూపాలి. అంగన్‌వాడీ పిల్లలకు హిమోగ్లోబిన్ పరీక్ష చేసే రోజునే నెత్తురులో సీసం కూడా చూడాలి. ఆ రెండు అంకెలూ ఒకే కాగితం మీద పక్కపక్కన ఉంటే, ఏ ఊళ్లో గుడ్డూ పప్పూ పెంచాలో, ఏ మిల్లుకు నోటీసు వెళ్లాలో అధికారికి అక్కడే తెలుస్తుంది.