గాడీలో బందూక్ ఎవరి హఖ్?

అమెరికాలో చదువుకుంటున్న, నౌకరీలు చేసుకుంటున్న మన తెలుగు నౌజవాన్‌ల మధ్య నడుస్తున్న ఒక బహస్ నా దాకా వచ్చింది. "టెక్సస్‌లో కార్లో పిస్తోల్ పెట్టుకోవడానికి లైసెన్స్ కూడా అక్కర్లేదు భాయ్. ఖానూనే ఇజాజత్ ఇచ్చింది. మస్జిద్‌ల మీద హమ్లాలు జరుగుతున్న జమానాలో మనం మాత్రం ఖాళీ చేతులతో ఎందుకు తిరగాలి?" ఇదీ వాళ్ల దలీల్. ఈ మాట అనేవాళ్లు గూండాలు కారు, నమాజులు చదివే షరీఫ్ పిల్లలే. అందుకే జవాబు ఇవ్వాల్సి వస్తోంది.

నా జవాబు ఇది. గాడీలో బందూక్ మీద రాసిన ఖానూన్లు పైకి బందూక్ గురించి మాట్లాడతాయి. సడక్ మీద అవి అమలయ్యేది మాత్రం స్టీరింగ్ వెనక కూర్చున్న మనిషిని చూసి. అతని రంగు చూసి, పేరు చూసి, వీసా చూసి. కాగితం మీది ఇజాజత్‌ని నమ్ముకుని డ్యాష్‌బోర్డ్ అరలో పిస్తోల్ పెట్టుకునే అబ్దుల్లా, అదే పని చేసే జాన్ ఒక్కటి కారు.

ముందు ఖానూన్ల హాల్ చూడండి. టెక్సస్‌లో 2007 నుంచే సొంత కార్లో, కనబడకుండా, లైసెన్స్ లేకుండా పిస్తోల్ పెట్టుకోవచ్చు. 2021 సెప్టెంబర్ 1 నుంచి, మనాహీ లేని ఇరవై ఒక్కేళ్లు దాటిన వాళ్లకు కారు దిగాక కూడా లైసెన్స్ అక్కర్లేదు. ఇట్లాంటి రియాసతులు ఇప్పుడు సగానికి పైనే. అదే న్యూజెర్సీకి వెళ్తే, వేరే రియాసత్ ఇచ్చిన లైసెన్స్ చెల్లదు. తుపాకీలో గుండ్లు ఉండకూడదు, అది మూసి బిగించిన పెట్టెలోనో, తాళం వేసిన డిక్కీలోనో ఉండాలి. పోలీసు ఆపినప్పుడు తుపాకీ ఉందని మిషిగన్‌లో మనమే వెంటనే చెప్పాలి. మినెసోటాలో అడిగితే చెప్తే చాలు. ఒక్క ముల్క్, ఒక్క రాజ్యాంగం. సరహద్దు బోర్డు దాటగానే మాత్రం షరీఫ్ ముజ్రిమ్ అయిపోతాడు.

"ముసాఫిర్‌లకు ఫెడరల్ ఖానూన్ రక్షణ ఉంది కదా?" అంటారు. ఉంది, 1986 నాటిది. దాని షర్తులు కూడా వినండి. బయల్దేరిన చోటా, చేరే చోటా ఆ తుపాకీ జాయిజ్ అయి ఉండాలి. గుండ్లు తీసేసి ఉండాలి. తుపాకీగానీ గుండ్లుగానీ చేతికి అందకూడదు. డిక్కీ లేని బండి అయితే తాళం వేసిన పెట్టెలో ఉండాలి, ఆ పెట్టె కింద డ్యాష్‌బోర్డ్ అర లెక్కకు రాదు. అంటే మన నౌజవాన్‌లు చెప్పే "ఆపద వస్తే తీసి కాల్చడానికి" పెట్టుకునే పిస్తోల్‌కి ఆ ఖానూన్ ఏ పనాహ్ ఇవ్వదు.

2013లో ఫిలడెల్ఫియా నుంచి న్యూజెర్సీలోకి కారు నడుపుకుంటూ వచ్చింది ఒక నల్లజాతి తల్లి. పెన్సిల్వేనియా ఇచ్చిన లైసెన్స్ ఆమె దగ్గర ఉంది. ట్రాఫిక్ పోలీసు ఆపితే, తన దగ్గర తుపాకీ ఉందని తనే చెప్పింది. ఆ సచ్చాయికి దొరికిన ఇనాం ఏమిటి? జైలు, మూడున్నరేళ్లు తప్పనిసరి శిక్ష పడగల కేసు. దేశమంతా గోల అయ్యాక ఆ కేసు మెత్తబడింది. 2015లో గవర్నర్ మాఫీ ఇచ్చాడు. గోల చేసేవాళ్లు లేని బేగునాల సంగతి ఎవరికి తెలుసు?

న్యూయార్క్ కథ ఇంకో రకం. కార్లో తుపాకీ దొరికితే అది కార్లో ఉన్న అందరిదీ అని అనుమానించే హఖ్ అక్కడి ఖానూన్ ఇస్తుంది, కొన్ని మినహాయింపులతో. 1973లో వేగంగా పోతున్న ఒక కారును ఆపారు. ముగ్గురు మగవాళ్లు, ఒక పదహారేళ్ల పిల్ల. పిస్తోళ్లు దొరికింది ఆ పిల్ల సంచిలో. దోషులని తేలింది నలుగురూ. 1979లో సుప్రీం కోర్టు ఐదుగురికి నలుగురు తేడాతో ఆ అనుమానం సరైనదే అని ఫైసలా చెప్పింది. దోస్త్ కార్లో లిఫ్ట్ తీసుకునే విద్యార్థులూ, ఈ ఫైసలా మీకూ వర్తిస్తుంది.

వీసా వాళ్లకు దీని మీద ఇంకో పిడుగు. ఎఫ్-1, హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోవడమే ఫెడరల్ జుర్మ్. వేట లైసెన్స్ లాంటి కొద్దిపాటి మినహాయింపులే ఉన్నాయి. టెక్సస్ ఇచ్చిన ఇజాజత్ వీళ్ల కోసం కాదు. నేరం రుజువైతే జైలే కాదు, ముల్క్ నుంచి బయటికి పంపే దారి కూడా తెరుచుకుంటుంది. పొలం అమ్మి పంపిన అమ్మీ అబ్బాల సంగతి అప్పుడు ఎవరు చూస్తారు?

"మేం సిటిజన్లం, మా కాగితాలు పక్కా" అనేవాళ్లు ఫిలాండో కాస్టీల్‌ని యాద్ చేసుకోండి. సెయింట్ పాల్‌లో బడి వంటశాల నడిపే మనిషి, ముప్ఫై రెండేళ్లు. 2016 జూలై 6న మినెసోటాలో పోలీసు ఆపాడు. కాస్టీల్‌కి లైసెన్స్ ఉంది. అడగకముందే, అదబ్‌గా, తన దగ్గర తుపాకీ ఉందని చెప్పాడు. కొన్ని సెకన్లలో ఏడు గుండ్లు పేలాయి. పక్క సీట్లో అతని సహచరి, వెనక సీట్లో ఆమె నాలుగేళ్ల బిడ్డ. మరుసటి ఏడాది ఆ పోలీసు బరీ అయ్యాడు. పోలీసు ఖౌఫ్ అదాలత్‌లో సఫాయీగా చెల్లింది. కాస్టీల్ లైసెన్స్ మాత్రం సడక్ మీద చెల్లలేదు.

ఇది ఇవాళ్టి కథ కూడా కాదు. 1967కి ముందు కాలిఫోర్నియాలో గుండ్లు నింపిన తుపాకీతో బాహాటంగా తిరగడం ఖానూన్ ప్రకారం తప్పు కాదు. ఓక్లాండ్‌లో బ్లాక్ పాంథర్లు తుపాకులు పట్టుకుని, పోలీసు కార్ల వెనక కార్లలో తిరుగుతూ, నల్లవాళ్ల మీద జుల్మ్ జరగకుండా నిగాహ్ పెట్టారు. అంతే, మల్ఫర్డ్ అనే శాసనసభ్యుడి బిల్లు వచ్చింది. అదే ఏడాది గవర్నర్ రీగన్ దస్తఖత్ చేశాడు. సడక్ మీదా, గాడీలోనూ నింపిన తుపాకీ జుర్మ్ అయింది. తుపాకీ హఖ్ అని గొంతు చించుకునే నేషనల్ రైఫిల్ అసోసియేషన్ ఆ ఖానూన్‌కి మద్దతు పలికింది! మనకిది కొత్తగా అనిపించకూడదు. 1878లో ఫిరంగీ తెచ్చిన ఆయుధాల చట్టంలో హిందుస్తానీకి లైసెన్స్, దొరకు మినహాయింపు.

"మరి ముసల్మాన్ తన జాన్ కాపాడుకోకూడదా?" తప్పక కాపాడుకోవాలి. జాన్ హిఫాజత్ షరీఅత్ మఖాసిద్‌లలోనే ఉంది. కానీ కార్లోని పిస్తోల్ ఎవరి జాన్ కాపాడుతోంది? అమెరికాలో దొంగల పాలయ్యే తుపాకుల్లో పెద్ద వాటా పోయేది కార్లలోంచే. 2017లో కాన్సస్‌లోని ఒలేథ్‌లో మన హైదరాబాద్ నుంచి వెళ్లిన కూచిభొట్ల శ్రీనివాస్‌ని చంపినవాడు, బార్‌లోంచి పంపేస్తే వెళ్లి తుపాకీతో తిరిగొచ్చాడు. ఇద్దరు ఇరానీలను కాల్చానని తర్వాత చెప్పుకున్నాడు. నఫ్రత్‌కి తుపాకీ సులువుగా అందే ముల్క్‌లో మనమూ ఇంకో తుపాకీ కలిపితే నఫ్రత్ తగ్గదు. ట్రాఫిక్‌లో మన తలలో గుస్సా ఎక్కినప్పుడు ఆ పిస్తోల్ మనకూ అంతే దగ్గర్లో ఉంటుంది.

మస్జిద్‌లోగానీ బజారులోగానీ బాణాలతో నడిచేవాడు ఎవరికీ గీసుకోకుండా వాటి మొనలు పట్టుకోవాలని రసూలుల్లాహ్ (స) తాకీద్ చేశారు. హథియార్‌తో జనంలోకి వచ్చేవాడి మీదే జిమ్మేదారీ. ఆ ఉసూల్‌ని సడక్ మీద పెడితే ఖానూన్ చాలా సాదా అవుతుంది. గుండ్లు వేరు, తుపాకీ వేరు, రెండూ తాళంలో, డిక్కీలో. అన్ని రియాసతుల్లో ఒక్కటే. దీనితో పాటు ఇంకో మూడు కావాలి. నిజం చెప్పినవాడికి జైలు ఉండకూడదు. పక్క సీటు వాడిని అనుమానంతో ముజ్రిమ్ చేయకూడదు. "భయపడ్డాను" అనే ఒక్క మాటతో పోలీసు బరీ కాకూడదు.

ఓటు హఖ్ ఉన్న మన సిటిజన్ భాయీలు, బహెన్‌లు తమ రియాసత్ శాసనసభ్యుల్ని అడగాల్సింది ఇదీ. పిస్తోల్ కొనడానికి దుకాణం వెతికే ముందు వాళ్ల దఫ్తర్ ఎక్కడుందో వెతకండి.