కూతుళ్ళ దాకా వచ్చిన సూది, తల్లుల దాకా రాని పరీక్ష

"మన ఆడవాళ్ళకి సిగ్గెక్కువ, ముదిరాక గానీ రారు." గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మీద జరిగే సదస్సుల్లో ఈ మాట వింటూనే ఉన్నాను. సామాజిక శాస్త్ర పరిశోధకురాలిగా నేనడిగేది ఒకటే: అసలు వాళ్ళని రమ్మన్నదెవరు, ఎక్కడికి?

ఈ జబ్బుకి మూలం లైంగిక సంబంధం ద్వారా సోకే హెచ్.పి.వి. వైరస్. చాలామందిలో అది దానంతటదే పోతుంది. కొందరిలో తిష్ఠవేసి, పదిహేను ఇరవై ఏళ్ళకి క్యాన్సరవుతుంది. పట్టుకోవడానికి అంత వ్యవధి ఉందన్నమాట. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆసిడ్‌నే పలుచగా పూసి చూస్తే, తేడా ఉన్న చోటు నిమిషంలో తెల్లబడుతుంది. శిక్షణ పొందిన నర్సు చాలు. ముప్పై దాటిన స్త్రీలందరికీ అయిదేళ్ళకోసారి ఈ పరీక్ష చేయాలని కేంద్రం 2016లోనే చెప్పింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి, 30-49 ఏళ్ళ వారిలో ఒక్కసారైనా పరీక్ష జరిగినవాళ్ళు నూటికి ఇద్దరు కూడా లేరు. మిగిలిన తొంభై ఎనిమిది మందిదీ సిగ్గేనా?

తలుచుకుంటే వ్యవస్థ మారుమూలకీ వెళ్ళగలదు. 2009లో ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10-14 ఏళ్ళ ఆడపిల్లలు సుమారు 14 వేలమందికి హెచ్.పి.వి. టీకా వేశారు. నడిపింది అమెరికా సంస్థ 'పాత్', ఐ.సి.ఎం.ఆర్., రాష్ట్ర ప్రభుత్వం. టీకా మెర్క్ కంపెనీది. పిల్లల్లో ఎందరో గిరిజన హాస్టళ్ళవాళ్ళు. పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవని 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం నివేదిక బయటపెట్టింది. 2010 ఏప్రిల్‌లోనే ప్రాజెక్టు ఆపేశారు. కొందరు పిల్లల మరణాలకి టీకాయే కారణమని విచారణలో తేలలేదు. తల్లిదండ్రుల్ని సరిగా అడగలేదన్నది మాత్రం తేలింది.

టీకా పనిచేస్తుంది. దాన్ని కాదనడం మన పిల్లలకి ద్రోహమే. కానీ టీకాకి కంపెనీ ఉంది, వెనిగర్ పరీక్షకి ఏ కంపెనీ ఉంది? కూతుళ్ళ దాకా వచ్చిన సూది వెంట, తల్లుల దాకా ఆ పరీక్ష ఎందుకు రాలేదు? టీకా వేయించుకున్న పిల్లలకీ పెద్దయ్యాక పరీక్ష అవసరమే కదా!

ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో తెర, బల్ల, మహిళా నర్సు ఉండాలి. తేడా కనిపిస్తే చికిత్స దగ్గర్లోనే ఉచితంగా దొరకాలి. టీకా వేసే ముందు కోయ తల్లికి కోయ భాషలోనే చెప్పి, ఆమె జవాబు కోసం ఆగాలి. ఇవి మనం దేహీ అని అడిగేవి కావు, మన హక్కులు. ఈ మూడూ చేశాక కూడా ఆడవాళ్ళు రాకపోతే, అప్పుడు మాట్లాడండి సిగ్గు గురించి.