కవలలైతే అమ్మ టికెట్ ముందే కొనాలి

ట్రాయ్ (మిచిగన్): ఇక్కడి మన తెలుగిళ్లలో కాన్పు కబురు తెలియగానే మొదట చూసేది డ్యూ డేట్. దానికి రెండు వారాల ముందు అమ్మో అత్తగారో దిగేలా టికెట్ కొంటాం. కడుపులో కవలలుంటే ఈ లెక్క తప్పుతుంది. అమెరికాలో కవలల్లో సగం మందికి పైగా 37 వారాలు నిండకుండానే పుడుతున్నారు.

మేము డాక్టర్లం కాదు, డిప్లొమా చదివి కట్టడాల దగ్గర పని చేయించేవాళ్లం. కానీ ఇది ముందే తెలుస్తుందా అన్నది మన ఇళ్లలో ప్రశ్నే.

కొంతవరకు తెలుస్తుంది. అయిదో నెలలో స్కాన్ చేసి గర్భాశయ ముఖద్వారం పొడవు కొలుస్తారు. పొట్ట మీద కాకుండా లోపలి నుంచి చేసే స్కాన్‌లోనే కొలత సరిగ్గా వస్తుంది. 25 మిల్లీమీటర్లు, అంతకన్నా తక్కువ ఉంటే ముప్పు ఎక్కువ.

ఈ పరిశోధనలో మన పక్కనున్న డెట్రాయిట్‌కి పేరుంది. అమెరికా ప్రభుత్వ పరిశోధన విభాగం ఒకటి 2002లో అక్కడి వేన్ స్టేట్ యూనివర్సిటీకి వచ్చింది. దాని అధిపతి డాక్టర్ రొబెర్తో రొమేరో బృందం 2017లో ఆరు అధ్యయనాల్లోని 303 మంది కవల గర్భిణుల వివరాలు కలిపి చూసింది. వీళ్లందరిదీ పొట్టి ముఖద్వారమే. లోపల పెట్టే ప్రొజెస్టిరాన్ మందు వాడినవాళ్లలో 33 వారాల లోపు కాన్పులు 31 శాతం, వాడనివాళ్లలో 43 శాతం.

మరి అందరికీ ఇచ్చేస్తే పోదా? పొడవుతో నిమిత్తం లేకుండా కవల గర్భిణులకిచ్చి చూసిన యూరప్ అధ్యయనం 2021లో వెలువడింది. లాభం కనపడలేదు. అంటే ముందు కొలత, ఆ తర్వాతే మందు.

కొలత బాగుందని నిశ్చింతగా ఉండటానికీ లేదు. పొడవు సరిపడా ఉన్నా ముందే కనేవాళ్లు చాలామందే. మంచం దిగొద్దని పెద్దవాళ్లు చెప్పినా, అలా పడుకుంటే కాన్పు ఆగుతుందన్న రుజువు లేదు.

మరి ముందే తెలిసి లాభమేంటి? టైము దొరుకుతుంది. నెలలు నిండని బిడ్డల్ని చూసుకోగల ఆస్పత్రికి వేళకి చేరితే, ఊపిరితిత్తులు ఎదగడానికి తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు. అవి పనిచేయడానికి ఒకటి రెండు రోజులు కావాలి. ఆ రెండు రోజులే బిడ్డకి ప్రాణం.

అందుకే అయిదో నెల స్కాన్‌కి వెళ్లినప్పుడు మొహమాటపడకుండా అడగండి: పొడవు కొలిచారా, ఎంతుంది? నొప్పులొచ్చినా, నీరు పోయినా తెల్లారేదాకా ఆగకుండా ఫోన్ చేయండి. అమ్మ వీసా పని కవలలని తెలిసిన రోజే మొదలుపెట్టండి. ఏడో నెలకే ఆవిడ ఇంట్లో ఉంటే ఆ ధైర్యం వేరు.