ఆవుకు బీమా ఉండాది, ఆవు మేతకు లేదు

ఎండాకాలం వస్తే మా పక్క పల్లెల్లో ఒక కేక వినబడతాది: "వామి అంటుకునిందిరో!" ఊరంతా బిందెలు ఎత్తుకుని పరిగెత్తేదే. మోటరు వేద్దామంటే ఆ టయానికి కరెంటుండదు. 101కి ఫోన్ కొడితే టౌన్లో బయలుదేరిన ఫైరింజను ఊరు చేరేలోపల మిగిలేది బూడిదే. నా చిన్నప్పుడు మా వామి అట్లనే పోయింది. ఆ ఏడాది మా నాయన అప్పు చేసింది విత్తనాలకు కాదు, ఎరువులకు కాదు, గడ్డికి. అదీ చాలక రెండావుల్లో ఒకదాన్ని సంతకు తోలినాం. పంట ఇంటికి చేరింది, ఆవు బతికే ఉంది. అందుకే మా నష్టం ఏ ఆఫీసు రిజిస్టర్లోనూ పడలేదు.

ఇన్నేండ్లయినా అట్లాంటి నష్టం రాసుకునే రిజిస్టరు ఇంకా రాలేదు తమ్ముళ్లూ. ఎందుకో ఒక్కొక్కటే చూద్దాం.

మొదట పంట బీమా. 2016లో వచ్చిన ప్రధానమంత్రి ఫసల్ బీమాలో ఆహార పంటలకు, నూనెగింజలకు రైతు కట్టేది ఖరీఫ్‌లో 2 శాతం, రబీలో 1.5 శాతం. కోత అయినాక కూడా 14 దినాల దాకా రక్షణ ఉందంటారు. ఉంది, ఎవరూ కాదనరు. గానీ నిబంధనలు చదివితే తెలుస్తాది. కోసి కయ్యలో ఆరబెట్టిన పంటకే అది, అదీ వడగండ్లకు, తుపానుకు, అకాల వానకే. నూర్చకముందే కుప్ప వేసినా రక్షణ పోయినట్టే. పైగా ఆ పథకం కొలిచే దిగుబడి గింజ, కాయ. వరిగడ్డి, చెనిక్కాయ కట్టె దాని కంటికి పంటే కాదు.

ఇంక పశువుల బీమా. జాతీయ పశుసంపద మిషన్ కింద రైతు వాటాను ప్రీమియంలో 15 శాతానికి తగ్గిస్తా 2024లో కేంద్రం నిర్ణయం చేసింది. మిగతాది కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలది. మంచి పనే. గానీ ముఖ్యంగా అది చావుకు బీమా. మేత కాలిపోయి పాలు తగ్గిపోతే, ఆవును సగం ధరకు తెగనమ్ముకుంటే పైసా రాదు.

మూడోది విపత్తు సాయం. అగ్నిప్రమాదం కూడా కేంద్రం గుర్తించిన విపత్తే. 2022-26 కాలానికి ప్రకటించిన రేట్లలో కాలిన గుడిసెకు 8,000, ఇంటికి ఆనుకున్న కొట్టానికి 3,000, సచ్చిపోయిన పాడి ఆవుకు 37,500 రూపాయలు ఉండాది. కాలిన వామికి ఆ పట్టీలో చోటు లేదు. అదే పట్టీలో పశుశిబిరం పెడితే పెద్ద గొడ్డుకు దినానికి 80 రూపాయల మేత లెక్క ఉంది. అంటే మేత విలువ సర్కారుకు తెలవక కాదు.

చివరికి మామూలు అగ్గి బీమా. న్యూ ఇండియా, యునైటెడ్ ఇండియా, ఓరియంటల్, నేషనల్ అని నాలుగు ప్రభుత్వ కంపెనీలు ఉండాయి. రైసుమిల్లోళ్లు, గోడౌన్లోళ్లు తీసుకునే పాలసీ అది. దొడ్లో వామికి కావాలని అడిగేవాడూ లేడు, పల్లెకొచ్చి చెప్పేవాడూ లేడు. కంపెనీ బాధ కూడా కొంచెం అర్థం చేసుకోవాల. వామి ఎంత ఉండిందో, గొడ్లు ఎంత తిన్నాయో కాలినాక ఎట్ల కొలిచేది? పచ్చిగా కుప్పేస్తే గడ్డి లోపలే కాగి తనకుతానే అంటుకోవచ్చు. పగతో ఎవుడన్నా అగ్గిపుల్ల గీసుండచ్చు. ఇవన్నీ చిక్కులే, గానీ తీరని చిక్కులు కాదు. అమెరికాలో ఎండుగడ్డికి బీమా దొరకతాది. ఒక్కో వామికి ఇంతవరకే ఇస్తామని పరిమితి, వామికీ వామికీ నడాన దూరం ఉండాలని షరతు పెడతారు.

ఇంకో విచిత్రం చూడండి. 1860 నాటి శిక్షాస్మృతి 435 సెక్షన్లో, అగ్గిపెట్టి ఆస్తి తగలబెట్టిన కేసుకు నష్టం కనీసం వంద రూపాయలుండాల. వ్యవసాయ ఉత్పత్తి అయితే పది రూపాయలు చాలు. 2024 జులై నించి వచ్చిన న్యాయ సంహితలో 326 సెక్షన్ కింద ఏడేండ్ల దాకా జైలు. రైతు కుప్ప కాలితే చిన్న నష్టం కూడా పెద్ద దెబ్బే అని తెల్లోడికే తెలిసింది. మన బీమాకు ఇంకా తెలీలేదు.

వానను నమ్మి చెనిక్కాయ వేసి దెబ్బతిని, పాలబిల్లు మీద బతికే ఇండ్లు పలమనేరు, కుప్పం పక్క ఎన్నో. ఒక ఆవుకు దినానికి ఐదారు కిలోల ఎండుగడ్డి అనుకున్నా ఏడాదికి రెండు టన్నులు. ఆ ఇంటికి వామే బ్యాంకు.

అందుకే అడగాల్సింది రెండే. ఒకటి, పశువుల బీమాలోనే మేతను కలపండి. చెవికి ట్యాగున్న ఆవుకు ఇంత అని మొత్తం ఖాయం చేస్తే వామిని తూకం వేసే పనే లేదు. ప్రీమియాన్ని పాలబిల్లులో కొంచెం కొంచెం పట్టుకోవచ్చు. రెండు, విపత్తు సాయం పట్టీలో కాలిన మేతకు ఒక రేటు రాయండి.

అదొచ్చే దాకా మనం చేసేది మనం చేద్దాం. కరెంటు తీగల కింద వామి వెయ్యద్దు. ఒకే పెద్ద వామి బదులు దూరం దూరంగా రెండు వెయ్యండి. గడ్డి బాగా ఆరినాకే కుప్ప పెట్టండి. వేసిన దినమే ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. కాలితే 101కి ఫోన్ చెయ్యడమే కాదు, ఫైరోళ్ల రిపోర్టు, పోలీసు ఫిర్యాదు, వీఆర్వో పంచనామా మూడూ తీసుకోండి. దుడ్డు రాకపోయినా కాగితం మిగలాల. సోమవారం కలెక్టరాఫీసు గ్రీవెన్సులో ఆ కాగితాలు ఒకటి కాదు, వంద పడనీ. అప్పుడు మా వామి కాలలేదని ఎవురూ అనలేరు.