ఇంటి మాట, ఇంటి మమత

అంగడిలో తమిళము, ఇంటిలో తెలుగు: కోయంబత్తూరు, మధుర ప్రాంతములందలి మన కుటుంబములకు ఇది తరతరముల వాడుక. విజయనగర కాలమునను, 16వ శతాబ్దమున మధురలో నాయకరాజ్యము నెలకొన్న పిమ్మటను మన పూర్వులలో పలువురు ఈ సీమకు వచ్చిరి. వారి సంతతిలో చాలమందికి తెలుగు వ్రాత రాదు; అయినను మాట నిలిచినది. తల్లి బిడ్డను లాలించినదియు, అవ్వ అన్నము కలిపి పెట్టుచు బుజ్జగించినదియు ఆ మాటతోనే గదా!

ఇప్పుడు మన యిండ్లలో వసతులు పెరిగినవి, పలకరింపులు తగ్గినవి. యజమాని తెల్లవారగనే దుకాణమునకో మిల్లునకో పోయి రాత్రికి వచ్చును. పిల్లలకు ట్యూషన్లు, పెద్దలకు టెలివిజన్, అందరి చేతను సెల్‌ఫోన్. “వారికేమి లోటు చేసితిమి?” అని మనమందుము. ఇనుప పెట్టెలోని రూకలు ఆకలి తీర్చనట్లే, మనసులో దాచిన ప్రేమ ఎదుటివారికి చేరదు. భార్యయైనను, ముసలి తల్లియైనను, బిడ్డయైనను కోరునది ఒక్క ఆదరపు మాట. లోకమున ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనముచే బాధపడుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025వ సంవత్సరమున ప్రకటించినది. అట్టివారు మన యింటనే ఉండవచ్చును. తెలుగు తప్ప వేరెరుగని అవ్వకు మనుమడు ఇంగ్లీషున రెండు ముక్కలు చెప్పి తప్పుకొనిన, ఇంటినిండ జనమున్నను ఆమె ఒంటరియే.

మమతకు భాషాభేదము లేదని కొందరందురు. నిజమే. తమిళపు కోడలి ఆదరణ ఆదరణ కాకపోదు. మనుమని తమిళమును అవ్వయు చిరునవ్వుతో వినవలెను. అయినను చిన్ననాట విన్న మాట తాకినంత లోతుగా వేరొకటి తాకదు.

కోవిల్పట్టి సమీపమున ఇడైసెవల్ గ్రామమున తెలుగింట పుట్టి, తమిళమున ప్రసిద్ధ రచయితయైన కీర్తిశేషులు కి. రాజనారాయణన్ గారి ‘గోపల్ల గ్రామం’ అను నవలలో, పూర్వుల వలసకథను చెప్పునది ఒక ముదుసలి అవ్వ. చుట్టును కూర్చుండి వినువారుండిరి గనుకనే ఆమె చెప్పగలిగినది. మన యిండ్లలో అట్లు వినువారెందరు?

కావున మన సంఘీయులకు మా మనవి యిది. దుకాణము మూసి యింటికి వచ్చిన పిదప అరగంటసేపు సెల్‌ఫోన్ ప్రక్కన పెట్టుడు. లెక్కలు, మార్కుల ప్రసక్తి వలదు. “అమ్మా, బువ్వ తింటివా?” అని తల్లి నడుగుడు. ఇల్లాలి పగటి కష్టమును వినుడు. బిడ్డను దగ్గరకు తీసికొని తెలుగున ముచ్చటింపుడు. పెద్దలుండగనే ఈ పని ఆరంభింపవలెను; రేపటికి వాయిదా వేయవలదు.