బోర్లించిన బకెట్

దసరా సెలవులకి మా చెల్లి పది నెలల కొడుకుతో వస్తోంది. వాడు పాకడం దాటి, ఏది దొరికితే అది పట్టుకుని నిలబడుతున్నాడట. అందుకే వారం రోజులుగా ఇల్లు సర్దుతున్నాను. అది చూసి మా అత్తయ్యగారు, "మేం పెంచలేదా పిల్లల్ని? కనిపెట్టుకుని ఉంటే చాలమ్మా" అన్నారు.

ఆ "చాలు" దగ్గరే నాకు పేచీ.

మా అబ్బాయికి పదకొండు నెలలప్పుడు పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి పరిగెత్తాను. స్టవ్ కట్టేసి వచ్చేసరికి వాడు బాత్‌రూమ్‌లో, బకెట్‌లోకి తల్లకిందులుగా ఉన్నాడు. అరుపు లేదు, చప్పుడు లేదు. ఒక్క ఉదుటున బయటికి లాగాను. వాడు దగ్గి ఏడ్చాక నేనక్కడే కూలబడిపోయాను. తర్వాత అందరూ "చూసుకోవద్దూ?" అన్నవాళ్ళే. నిండు బకెట్ అక్కడెందుకుందని ఒక్కరూ అడగలేదు.

మన బెజవాడలో బందరు, ఏలూరు, రైవస్ కాలవలున్నాయి. పిల్లల్ని కాలవగట్టుకి పోవద్దని గట్టిగానే చెబుతాం. ఇంట్లో మాత్రం పంపు రాగానే బకెట్లూ డ్రమ్ములూ నింపి మూతల్లేకుండా వదిలేస్తాం. ఏడాది పిల్లలకి ఒంటితో పోలిస్తే తల బరువెక్కువ. ముందుకి తూలితే తిరిగి లేవలేరు. జానెడు నీళ్ళు కూడా అక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో నీళ్ళలో మునిగి సుమారు 3 లక్షల మంది పోయారు. వాళ్ళలో దాదాపు నాలుగోవంతు ఐదేళ్ళలోపు పిల్లలే.

వెనకటి ఉమ్మడి ఇళ్ళలో పదిమంది కళ్ళుండేవి. ఇప్పుడు వంట, కాలింగ్ బెల్, ఫోను, పిల్లాడు అన్నీ ఒక్క మనిషికే. ఆ మనిషిని రెప్ప వెయ్యకుండా చూడమనడం సలహా కాదు, రేపు నింద వెయ్యడానికి ముందే పెట్టుకున్న సాకు. కనిపెట్టుకుని ఉండాల్సిందే, కాదనను. కానీ కన్ను తప్పిన ఆ ఒక్క నిమిషం పిల్లాణ్ణి కాపాడాల్సింది ఇల్లే.

నేను చేసింది పెద్ద ఖర్చేం కాదు. వాడని బకెట్లు బోర్లించాను. బాత్‌రూమ్ తలుపుకి బయట, పైన గడియ పెట్టించాను. సంపు మూతకి తాళం వేశాను. కూల్‌డ్రింక్ సీసాలో పోసుకున్న ఫినాయిల్ పారబోసి, అసలు డబ్బాని పై అరలోకి చేర్చాను. బాల్కనీలో కుర్చీ తీసేశాను. బిళ్ళ బ్యాటరీలు బీరువాలో పెట్టాను. అవి మింగితే లోపల కాలుతుంది, క్షణం ఆగకుండా ఆసుపత్రికి పరిగెత్తాలి.

నిన్న రాత్రి అత్తయ్యగారు పడుకోబోతూ, దివిసీమలో వాళ్ళ పుట్టింట్లో గొడ్ల గోలెంలో పడి పోయిన తమ్ముడి సంగతి చెప్పారు. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆ మాట నేనెప్పుడూ వినలేదు. "మా అమ్మ చూస్తూనే ఉండేదమ్మా" అన్నారు.

పొద్దున లేచేసరికి పెరట్లో బకెట్లన్నీ బోర్లించి ఉన్నాయి. అవి నేను బోర్లించినవి కావు.